‘పొట్ట కొట్టారు’ అన్న మాటకు సంజాయిషీ: ఒక ఉద్యోగి పోస్టు కేసు

2023 వేసవిలో ఒక శుక్రవారం సాయంత్రం ఆయన నా ఆఫీసుకు వచ్చారు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి షోకాజ్ నోటీసు, 48 గంటల్లో జవాబివ్వాలి. రెండోది ఆయన ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు, ప్రింటు తీయించుకుని తెచ్చారు. నోటీసు ఇంగ్లీషులో ఉంది, పోస్టు తెలుగులో ఉంది. గొడవంతా ఆ రెండింటి మధ్యే నడిచింది.

హైదరాబాద్‌లో ఉద్యోగ వివాదాలే చాలాకాలంగా నా ప్రాక్టీసు. జీతం ఎగ్గొట్టిన కేసులు, బలవంతపు రాజీనామాలు, బాండు పేరుతో సర్టిఫికెట్లు బిగబట్టుకున్న కేసులు ఎక్కువగా వస్తాయి. మాటతో మొదలై మాట దగ్గరే ఆగిపోయిన కేసు మాత్రం నాకు ఇదొక్కటే. క్లయింటు అనుమతితో రాస్తున్నాను. కొన్ని వివరాలు మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆయనకు అప్పటికి 38 ఏళ్లు. ఒక అమెరికా బీమా సంస్థకు ఇక్కడ ఉన్న కేంద్రంలో తొమ్మిదేళ్ల సర్వీసు. క్లెయిముల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఆరుగురి బృందానికి లీడ్. ఇంటి అప్పు ఉంది, ఇద్దరు పిల్లలు. వారాంతాల్లో కథలు రాస్తారు, రెండు మూడు అచ్చయ్యాయి కూడా. ఫేస్‌బుక్ ప్రొఫైల్లో కంపెనీ పేరు ఉంది. ఎప్పుడో ఉద్యోగం వచ్చిన సంతోషంలో పెట్టుకున్నారు, తరవాత తీసేయడం మరిచిపోయారు. ఈ మరుపు ఆయనకు చాలా ఖరీదైంది.

పోస్టు ఇది:

“పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని పావుగంటలో లేపేశారు. కప్పులో టీ ఇంకా వేడిగానే ఉంది. మనమంతా ఒకే కుటుంబం అన్న నోటితోనే పొట్ట కొట్టారు. నమ్మించి గొంతు కోయడం అంటే మా ఊళ్లో దీన్నే అంటారు. నేనేం చేశాను? చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.”

పక్క సీటులో పనిచేసే ఆవిడను ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు మీటింగు గదిలోకి పిలిచారు. పదకొండుంబావుకు ఆవిడ లాగిన్ ఆగిపోయింది. సెక్యూరిటీ మనిషి వెంట రాగా హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు. కప్పు మీద ఆవిడ కూతురి బొమ్మ ముద్రించి ఉంది. దాన్ని సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదట. పోస్టులో కంపెనీ పేరు లేదు, ఆవిడ పేరూ లేదు. రాత్రి పదిన్నరకు పెట్టారు. తెల్లారేసరికి నలభై దాకా కామెంట్లు వచ్చాయి. వాటిలో ఏడెనిమిది అదే ఆఫీసులో పనిచేసేవాళ్లవి, అంతకు ముందు వారం వెళ్లిపోయిన వాళ్లవి.

పావుగంటలో నిద్రలేపారు

ఆ పోస్టును ఎవరో అమెరికాలోని నీతి నియమాల విభాగానికి పంపారు. అక్కడ తెలుగు చదివేవాళ్లు లేరు కాబట్టి కంప్యూటర్ అనువాదం తీసుకున్నారు. నోటీసుకు జతచేసిన ఆ అనువాదాన్ని చదివి మొదట నవ్వాను, రెండోసారి చదివాక నవ్వు పోయింది. ‘లేపేశారు’ కాస్తా ‘నిద్రలేపారు’ అయింది. దానితో పోయేదేమీ లేదు. కానీ ‘పొట్ట కొట్టారు’ అన్నది ‘ఆమె కడుపులో కొట్టారు’ అయింది. ‘గొంతు కోయడం’ అన్నది అక్షరాలా గొంతు కోయడమే అయింది. చివరి వాక్యాలు రెండూ, అంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న సంగతి, ఆ అనువాదం కాగితంలో లేనే లేవు. అవి ఆరోపణలు కావు కదా, అక్కర్లేదనుకుని వదిలేసి ఉంటారు.

నోటీసులో మూడు అభియోగాలు. కార్యాలయంలో శారీరక హింస జరిగినట్లు తప్పుడు ఆరోపణ చేయడం, హింసాత్మక భాష వాడటం, కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగించడం. “వీటికి జవాబు రాయడం పెద్ద కష్టం కాదు, అరగంట పని” అన్నాను. ఆయన నోటీసు వైపు చూడటం లేదు. “నేను రాసింది కంపెనీ గురించి కాదు మేడమ్, నా గురించి. ఆ చివరి వాక్యం కోసమే మిగతాదంతా రాశాను. దాన్నే ఎగరగొట్టారు” అన్నారు.

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పని తప్పు పని. పోస్టు వెంటనే తీసేయమన్నాను. గొడవ చల్లారాలంటే ముందు నిప్పు ఆర్పాలన్న పాత అలవాటు. ఆయన అక్కడే ఫోను తీసి తొలగించారు. దానితోపాటు కింద ఉన్న కామెంట్లన్నీ పోయాయి. పని పరిస్థితుల గురించి నలుగురు ఉద్యోగులు కలిసి మాట్లాడుకున్నారని చూపించగలిగే ఒకే ఒక సాక్ష్యాన్ని నా చేతులతో నేనే చెరిపించాను. ముందు ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అప్పట్లో సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం సిద్ధం చేసుకుని, ఆ తరవాతే తీసేయాలా వద్దా అని ఆలోచించాల్సింది. (ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్.) పైగా తీసేయడాన్ని కంపెనీ తరఫువాళ్లు తప్పు ఒప్పుకున్నట్టే లెక్కవేశారు.

గుమాస్తాకు ఉన్నది లీడ్‌కు లేదు

ఇలాంటి కేసులతో వచ్చేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది: “వాక్ స్వాతంత్ర్యం ఉంది కదండీ?” ఉంది, రాజ్యాంగం ఆర్టికల్ 19(1)(ఎ)లో. అది ప్రధానంగా ప్రభుత్వం చేతులు కట్టేయడానికి పుట్టిన హక్కు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 19, 21 ఆర్టికల్స్ కింది హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయవచ్చని మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగి వచ్చే నెల కిస్తీ కట్టేలోపు ఉపశమనం తెచ్చుకోగలడని మాత్రం నేను ఏ క్లయింటుకూ హామీ ఇవ్వను. మామూలు ఉద్యోగ ఒప్పందం విషయంలో ప్రైవేటు సంస్థ మీద హైకోర్టులో రిట్ నిలబెట్టడం ఇప్పటికీ గగనమే.

విచిత్రం ఏమిటంటే, ఈయనే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే నా చేతిలో చాలా ఆయుధాలు ఉండేవి. ప్రభుత్వోద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. ఒక మహిళా ప్రభుత్వోద్యోగి ఫేస్‌బుక్ పోస్టు వ్యవహారంలో 2020లో త్రిపుర హైకోర్టు కూడా అదే అంది. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో ప్రభుత్వాన్ని విమర్శించకూడదన్న నియమం ఉన్న మాట నిజమే. కానీ అప్పుడప్పుడు సాహిత్య, కళా రచనలు చేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్న వెసులుబాటు కూడా అందులోనే, 15వ నియమంలో ఉంది. మన రచయితల్లో అంతమంది ప్రభుత్వోద్యోగులు, టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు ఎందుకు ఉన్నారో, గచ్చిబౌలి నుంచి రావలసినన్ని కథలు ఎందుకు రావడం లేదో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ నియమం గుర్తొస్తుంది. తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

కార్మిక చట్టం సంగతి. అప్పట్లో అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద లేబర్ కోర్టుకు వెళ్లాలంటే ముందు ఆయన ‘వర్క్‌మన్’ (అంటే ఆ చట్టం రక్షణ వర్తించే ఉద్యోగి) అని నిరూపించాలి. హోదా పేరు కాదు, నిజంగా చేసే పని ఏమిటో కోర్టు చూస్తుంది. రోజులో ముప్పాతిక వంతు ఆయన స్వయంగా పరీక్షలు నడిపేవారు, అది సాంకేతిక పని. కానీ ఆరుగురికి సెలవులు మంజూరు చేసేవారు, ఏడాదికోసారి రేటింగులు ఇచ్చేవారు. కంపెనీ వాదన ఊహించడం కష్టం కాదు: సూపర్‌వైజరు, జీతం నెలకు 10 వేలు దాటింది, కాబట్టి చట్టం పరిధిలోకి రారు. ఆ 10 వేల గీత 2010లో గీశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో దాన్ని 18 వేలకు పెంచారు. ఆ డబ్బుతో ఐటీ కారిడార్‌లో ఒక కుటుంబానికి ఇంటి అద్దె కూడా గడవదు. లక్ష జీతం తీసుకునే సూపర్‌వైజరు మాట్లాడితే రక్షణ ఉండదన్నమాట. గెలిచే అవకాశం ఉంది, కాకపోతే ఏళ్లు పడుతుంది అని చెప్పాను. సివిల్ కోర్టుకు వెళ్లినా, వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరు. నష్టపరిహారం ఇప్పిస్తారు తప్ప కుర్చీ తిరిగి ఇప్పించరు. దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ రంగానికి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వస్తున్నాయి. అదో వేరే కథ.

ఆయన సంతకం చేసిన సోషల్ మీడియా పాలసీ పద్నాలుగు పేజీలు. చేరిన రోజు మిగతా పాతిక కాగితాలతో కలిపి తెరమీద ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కారు. పదమూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: జీతాలు, పని పరిస్థితుల గురించి ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకునే చట్టబద్ధమైన హక్కుకు ఈ పాలసీ అడ్డురాదు, ఇది అమెరికా ఉద్యోగులకు వర్తిస్తుంది. అది వాళ్ల 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం, ఏడో సెక్షన్ భయంతో పెట్టిన వాక్యం. ప్రైవేటు యజమాని మీద, వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చే వాళ్ల రాజ్యాంగ మొదటి సవరణ పనిచేయదు. కానీ ఈ చట్టం పనిచేస్తుంది, అదీ సూపర్‌వైజర్లు కాని వాళ్లకు. ఒకే కంపెనీ, ఒకే పాలసీ, అక్కడి మామూలు టెస్టర్‌కు ఉన్న ఊపిరి ఇక్కడివాళ్లకు లేదు. ఆ వాక్యం ఇక్కడి ప్రతిలోంచి తీసేయడం కూడా మరిచిపోయారు. దాన్ని ఆయనకు చూపించకుండా ఉండాల్సింది. ఆ వారమంతా దాని గురించే మాట్లాడారు.

నాలుగో వాక్యం

జవాబు రాయడానికి శనివారం కూర్చున్నాం. జాతీయాల మీద అరపేజీ వివరణ ఇచ్చాను. పొట్ట కొట్టడం అంటే జీవనోపాధి తీసేయడమనీ, గొంతు కోయడం అంటే నమ్మకద్రోహమనీ, ‘నవ్వలేక చచ్చాం’ అన్నవాళ్లు బతికే ఉంటారనీ రాసి, నిఘంటువు పేజీల నకళ్లు జత చేశాను. అంతవరకూ ఇద్దరికీ సరదాగానే గడిచింది. ఆ తరవాత నాలుగో వాక్యంగా ఇలా రాశాను: ‘ఈ పోస్టు కల్పిత రచన, ఏ సంస్థనూ ఏ సంఘటననూ ఉద్దేశించినది కాదు.’

“అది తీసేయండి మేడమ్, అబద్ధం” అన్నారాయన.

“అబద్ధం కాదు, వాదన” అన్నాను.

“ఈ ఏడాదిలో నేను రాసినవాటిలో కల్పన లేనిది అదొక్కటే. దాన్నే కట్టుకథ అని సంతకం పెట్టమంటున్నారు.”

గంటసేపు వాదించుకున్నాం. నా పక్షాన బలమైన కారణాలే ఉన్నాయి. నిజమైన సంఘటన అని ఒప్పుకుంటే, ఆఫీసులో జరిగిన ఉద్యోగుల తొలగింపును బయటపెట్టాడని రహస్య సమాచారం క్లాజు లాగుతారు. హింసాత్మక ప్రవర్తన అన్న ముద్రతో తొలగిస్తే గ్రాట్యుటీకే ఎసరు. అప్పట్లో అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం 4(6) సెక్షన్ కింద హింసాత్మక చర్యకు తొలగించినవాళ్ల గ్రాట్యుటీని పూర్తిగా కానీ కొంత కానీ ఆపేసే వీలుండేది. ఒక రాత రాసిన మనిషికి అది వర్తించదని నేను కొట్లాడగలను, కానీ కొట్లాడాల్సి వస్తుంది. ఆయన మూల వేతనం 70 వేలు. తొమ్మిదేళ్లకు, నెలకు 26 రోజుల లెక్కన ఏడాదికి 15 రోజుల చొప్పున, సుమారు 3 లక్షల 63 వేలు. కంప్యూటర్ తప్పుగా అనువదించిన ఒక జాతీయం మీద ఆ డబ్బు వేలాడుతోంది.

నా వృత్తిలో ఎన్నో వాదనలు అల్లాను, ఏవీ నిద్ర చెడగొట్టలేదు. ఇది చెడగొట్టింది. ఆయన మాటను కాపాడటానికి చట్టంలో నాకు దొరికిన దారి, అది ఆయన మాట కాదని చెప్పడమే. రాసింది ఊహ అయితే వదిలేస్తారు, మనసులో మాట అయితే పట్టుకుంటారు. నేను కూడా ఆ మాట అబద్ధమని ఒప్పించడానికే ఆయన దగ్గర ఫీజు తీసుకుంటున్నాను.

చివరికి ‘సాహిత్య స్వభావం కలిగిన రచన’ అన్న చోట రాజీ పడ్డాం. ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. ఇంటి నుంచి మూడోసారి ఫోను వచ్చాక సంతకం పెట్టారు.

ఏ భాషలోనైనా

జవాబు చేరిన పది రోజులకు, ఊహించినట్లే, విచారణ ఆపి రాజీకి పిలిచారు. కంపెనీలకు కోర్టుకన్నా రాజీనామా చవక. ఈ నగరంలో ఐటీ ఉద్యోగి మెడ మీది కత్తి తొలగింపు ఉత్తర్వు కాదు, రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి సక్రమంగా విడుదల చేశామని కంపెనీ ఇచ్చే ఉత్తరం. అది లేకపోతే తరవాతి కంపెనీ నేపథ్య తనిఖీలో గట్టెక్కడం కష్టం. ఆ సంగతి ఎదుటివాళ్లకూ తెలుసు. మాకు ఇవ్వజూపింది: మామూలు రిలీవింగ్ లెటర్, మూడు నెలల జీతం, పూర్తి గ్రాట్యుటీ. అడిగింది: రాజీనామా, దానితోపాటు పరస్పరం నిందించుకోబోమన్న ఒప్పందం.

పరస్పరం అన్న మాట అలంకారమే. కంపెనీ తరఫున ఇద్దరు మేనేజర్లు మాత్రం నోరు జారకూడదట. ఆయన వైపు నుంచి అయితే ‘ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, మౌఖికంగా గానీ రాతపూర్వకంగా గానీ, ఏ భాషలోనైనా’. ఆ చివరి మాట మా కోసం ప్రత్యేకంగా చేర్చారు. అలాంటి ఒప్పందాలు ఎన్నో చూశాను, వాటిలో ‘ఏ భాషలోనైనా’ అని ఎక్కడా చూడలేదు.

కథ, కవిత, నవలకు మినహాయింపు కావాలని పట్టుబట్టాను. ‘కథ’ అంటే నిర్వచనం ఇవ్వమన్నారు. ఎదుటి వకీలు, నేను, ఇద్దరం ఎల్ఎల్‌బీలు చదివినవాళ్లం, కథ అంటే ఏమిటో మూడు రోజులు ఈమెయిళ్లలో తేల్చుకున్నాం. కంపెనీని గుర్తుపట్టే ఆనవాళ్లు లేనంతవరకు కల్పనా సాహిత్యానికి అభ్యంతరం లేదన్న చోట ఆగింది. చట్టబద్ధమైన అధికారులకు ఫిర్యాదు చేసే హక్కును విడిగా రాయించాను. కోర్టు తలుపు పూర్తిగా మూసే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ కింద ఎలాగూ చెల్లదు, అయినా కాగితం మీద ఉంటే మంచిది.

సంతకాల రోజు కంపెనీ హెచ్ఆర్ అధికారిణి కూడా వచ్చారు. తెలుగావిడే, మాటలో గోదావరి జిల్లా యాస తెలుస్తోంది. రెండు గంటల సమావేశంలో ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషులో, అభియోగ పత్రంలోని పదజాలంతోనే. హింసాత్మక భాష అని రెండుసార్లు అన్నారు. లిఫ్టు దగ్గర ఇద్దరమే మిగిలినప్పుడు, బటన్ వైపు చూస్తూ, “మా నాన్న కూడా ఆ మాటే వాడేవారండీ, మిల్లు మూసేసినప్పుడు” అన్నారు. నేను ఏదో అనేలోపు లిఫ్టు వచ్చింది, అందులో ఎవరో ఉన్నారు. కిందకి దిగేదాకా ఆవిడ ఫోను చూసుకున్నారు.

ఆ డిసెంబరులో బాంబే హైకోర్టు, కంపెనీ యాజమాన్యానికి వ్యతిరేకంగా ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టిన ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి తొలగింపును సమర్థించింది. అక్కడి వాస్తవాలు వేరు, పోస్టుల స్వభావమూ వేరు. కోర్టుకు వెళ్లి ఉంటే మా ఎదుట ఆ తీర్పు పెట్టేవాళ్లు. రాజీ సరైన సలహానే అని ఆ రోజు ఊరటపడ్డాను. ఊరట ఎక్కువసేపు నిలవలేదు.

పద్ధతి పరంగా ఈ కేసు తరవాత నేను మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. సాక్ష్యం భద్రపరచకుండా పోస్టు తీసేయమని ఎవరికీ చెప్పను. యంత్రానువాదం మీద నోటీసు వస్తే, మనిషి చేసిన అనువాదం ఇచ్చేదాకా జవాబు గడువు పొడిగించమని ముందు ఉత్తరం రాస్తాను. ఇక్కడ ఆ పని చేసి ఉంటే హింస అభియోగం మొదటి వారంలోనే రాలిపోయేది, గ్రాట్యుటీ బేరంలోకి వచ్చేదే కాదు. ప్రొఫైల్లో కంపెనీ పేరు తీసేయమని అందరికీ చెబుతాను. ‘అభిప్రాయాలు నా సొంతం’ అని రాసుకుంటే సరిపోతుందా అని అడుగుతారు. ఏదో కొంత పనికొస్తుంది, ఉద్యోగాన్ని మాత్రం కాపాడదు.

ఆయనకు నాలుగు నెలల్లో మరో కంపెనీలో ఉద్యోగం దొరికింది. చేరేముందు కొత్త పాలసీ పంపి చదివి పెట్టమన్నారు. ఇరవై రెండు పేజీలు. ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో గుర్తులు పెట్టి పంపాను. ఎందుకు కంపెనీ మారారని పాత స్నేహితులు అడిగితే ‘ఎదుగుదల కోసం’ అంటున్నారట. ఒప్పందం ప్రకారం అది సరైన జవాబే.

పోయిన సంవత్సరం ఒక కథ పంపారు, పత్రికకు ఇచ్చేముందు ఒకసారి చూడమని. ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాసే ముసలాయనను యజమాని పనిలోంచి మాన్పిస్తాడు. పక్కన కూర్చుని చూసిన కుర్రాడు నోరు విప్పడు. బాగుంది. పొట్ట కొట్టడం లేదు, గొంతు కోయడం లేదు. బల్ల మీద స్టీలు గ్లాసులో టీ చల్లారిపోతూ ఉంటుంది.

కప్పు ఏమైందని ఫోనులో అడిగాను.

“కప్పు అంటే గుర్తుపడతారేమో మేడమ్” అన్నారు.

ఒప్పందం తీసి మినహాయింపు క్లాజు మరోసారి చదివాను. కథలో అభ్యంతరకరమైనది ఏమీ లేదని రాత్రికి జవాబు పంపాను.